మలేరియా పారసైట్ ఎంజైముల్లో మందుకు లొంగేవి ఏవి? ఎల్‌డీహెచ్ డాకింగ్ మీద మొదలైన చర్చ

1. శ్రావణి_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. మలేరియా పారసైట్ ప్లాస్మోడియం ఫాల్సిపారంలోని లాక్టేట్ డీహైడ్రోజినేజ్ (ఎల్‌డీహెచ్) ఎంజైమ్ మీద మొక్కల్లో దొరికే 40 పదార్థాలను డాక్ చేశాను, అంటే అవి ఎంజైమ్‌లో ఎంత బాగా ఇముడుతాయో కంప్యూటర్‌లో అంచనా వేశాను. అందులో రెండు ఫ్లేవనాయిడ్లకు మైనస్ 9.6, మైనస్ 9.4 స్కోర్లు వచ్చాయి (మైనస్ అంకె పెరిగేకొద్దీ పట్టు గట్టిది). ఇప్పుడు ల్యాబ్‌లో పరీక్ష పెట్టాలి. నా సందేహాలు ఇవి. ఎల్‌డీహెచ్ మంచి టార్గెట్టేనా, లేక ఫ్యాబ్-ఐ (కొవ్వు ఆమ్లాల తయారీ ఎంజైమ్), డీహెచ్‌ఓడీహెచ్ (పిరిమిడిన్ల తయారీ ఎంజైమ్) లాంటి వాటికి మారాలా? పారసైట్ పరీక్షకు మాల్‌స్టాట్ పద్ధతి (ఎల్‌డీహెచ్ పనిని రంగుతో కొలిచేది) ఒక్కటీ సరిపోతుందా? మా దగ్గర పారసైట్ కల్చర్ లేదు, అది లేకుండా ఎంతవరకు వెళ్లవచ్చు?

2. కైనెటిక్స్_మూర్తి

శ్రావణి గారూ, ముందు స్కోరు సంగతి చూద్దాం. మీరు వాడింది ఈ ఎంజైమ్‌కు ఉన్న 1ఎల్‌డీజీ క్రిస్టల్ స్ట్రక్చర్ అయితే అందులో ఎన్‌ఏడీహెచ్ (ఎంజైమ్‌కు సాయపడే కోఎంజైమ్), ఆక్సమేట్ (పైరువేట్‌ను పోలిన పదార్థం) రెండూ కూర్చుని ఉంటాయి. ఎన్‌ఏడీహెచ్‌ను తీసేసి డాక్ చేశారా, ఉంచి చేశారా? తీసేస్తే అక్కడ పెద్ద గొయ్యి మిగులుతుంది. రెండు మూడు రింగులు, నాలుగైదు హైడ్రాక్సిల్‌లు ఉన్న ఏ ఫ్లేవనాయిడ్ వేసినా అందులో హాయిగా ఇమిడిపోతుంది. మైనస్ 9 దాటడం అక్కడ పెద్ద విశేషం కాదు.

రెండు పనులు చేయండి. తీసేసిన ఎన్‌ఏడీహెచ్‌నే మళ్లీ అదే గుంటలో డాక్ చేసి, అసలు చోటికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వచ్చిందో లేదో చూడండి. రాకపోతే మీ గ్రిడ్డులోనో, చార్జీలలోనో తప్పుంది, మిగతా స్కోర్లు నమ్మడానికి వీల్లేదు. తర్వాత ఆ రెండు ఫ్లేవనాయిడ్లనే మనిషి ఎల్‌డీహెచ్-ఏ మీద, ఎల్‌డీహెచ్-బీ మీద వేయండి. అటూ ఇటూగా అవే స్కోర్లు వస్తాయి. ఎన్‌ఏడీహెచ్ కూర్చునే మడత మనిషిలోనూ పారసైట్‌లోనూ ఒకే అచ్చు.

అసలు తేడా పక్కన ఉంది. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం, ఇక్కడ పైరువేట్) మీద మూతలా పడే లూప్‌లో పారసైట్ ఎంజైమ్‌కు ఐదు అమైనో ఆమ్లాలు అదనంగా ఉన్నాయి. 1996లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్‌లో ఇది స్పష్టంగా కనిపించింది. పైరువేట్ ఎక్కువైతే మనిషి ఎంజైమ్ మందగిస్తుంది, పారసైట్ ఎంజైమ్ అంతగా మందగించదు. ఎన్‌ఏడీకి బదులు ఏపీఏడీ అనే ఎసిటైల్‌పిరిడిన్ రకం ఇస్తే పారసైట్ ఎంజైమ్ దానితో చకచకా పనిచేస్తుంది, మన ఎర్రకణాల ఎంజైమ్ దాన్ని దాదాపు ముట్టదు. మాల్‌స్టాట్ మొత్తం నిలబడింది ఈ తేడా మీదే.

టార్గెట్‌గా మాత్రం దీని చరిత్ర ఆశాజనకంగా లేదు. రక్తదశలో, అంటే ఎర్రకణాల్లో ఉన్నప్పుడు, పారసైట్ గ్లూకోజును విపరీతంగా తిని లాక్టేట్‌గా బయటికి తోస్తుంది, కాబట్టి కాగితం మీద వాదన బలంగానే ఉంటుంది. కానీ ఎల్‌డీహెచ్‌ను ఆపడం ద్వారా పనిచేసే మలేరియా మందు ఇంతవరకు ఒక్కటీ వాడకంలోకి రాలేదు. పత్తి గింజల్లోని గాసిపాల్ ఈ ఎంజైమ్‌ను ఆపుతుంది. అయితే దాని ఆల్డిహైడ్లు దొరికిన ప్రతి ప్రోటీన్‌కూ అతుక్కుంటాయి. పత్తి చెక్కను పశువులకు హద్దు మీరి పెట్టొద్దని చెప్పేది ఆ విషగుణం వల్లే. అలాంటి అణువును పట్టుకుని సెలెక్టివిటీ (పారసైట్ ఎంజైమ్‌నే ఎంచి ఆపడం) గురించి మాట్లాడలేం.

3. కల్చర్_రూమ్

మాల్‌స్టాట్ గురించి ఒక ముఖ్యమైన మాట. శ్రావణి గారి ప్రాజెక్టుకు ఇది సరిగ్గా తగులుతుంది.

మాల్‌స్టాట్‌లో ఎల్‌డీహెచ్ ఒక కొలబద్ద. ఎంత ఎంజైమ్ ఉందో చూసి ఎన్ని పారసైట్లు ఉన్నాయో అంచనా కడతాం. మీ పదార్థం ఆ ఎంజైమ్‌నే ఆపేదైతే? బావిలో (పరీక్ష ప్లేటులోని చిన్న గుంటలో) పారసైట్ బతికే ఉంటుంది, కొలబద్ద మాత్రం పనిచేయదు. ప్లేటు చూస్తే చచ్చినట్టే కనిపిస్తుంది. ఎల్‌డీహెచ్ ఇన్హిబిటర్లను (ఆపే పదార్థాలను) ఎల్‌డీహెచ్ రీడౌట్‌తో పరీక్షించకూడదు. డీఎన్‌ఏను కొలిచే సైబర్ గ్రీన్ పద్ధతికి వెళ్లండి. మాల్‌స్టాట్ తప్ప గత్యంతరం లేకపోతే ఒక అదనపు ప్లేటు పెట్టండి: మందు వేయని ఎదిగిన కల్చర్‌ను లైస్ చేసి (కణాలు పగలగొట్టి), చివర్లో రీడింగుకు ముందు మాత్రమే మీ పదార్థం కలపండి. అక్కడా రంగు తగ్గిందంటే చావు లేదు, ఎంజైమ్ ఆగిందంతే.

మిగతా పనులకు మాల్‌స్టాట్ కావాల్సినవాళ్ల కోసం కొలతలు. 80 మిల్లీలీటర్ల నీటిలో 400 మైక్రోలీటర్ల ట్రైటాన్ ఎక్స్-100, 4 గ్రాముల ఎల్-లాక్టేట్, 1.32 గ్రాముల ట్రిస్ వేసి కరిగించి, పీహెచ్ 9కి తెచ్చి, 22 మిల్లీగ్రాముల ఏపీఏడీ కలిపి 200 మిల్లీలీటర్లకు నింపాలి. రంగు ద్రావణం వేరు: 100 మిల్లీలీటర్లలో ఎన్‌బీటీ 160 మిల్లీగ్రాములు, పీఈఎస్ 8 మిల్లీగ్రాములు. కొత్త ప్లేటులో ఒక్కో బావికి 100 మైక్రోలీటర్ల మాల్‌స్టాట్, అందులోకి బాగా కలిపిన కల్చర్ 20 మైక్రోలీటర్లు, పైన రంగు ద్రావణం 25 మైక్రోలీటర్లు. చీకట్లో ఉంచి, ఊదారంగు తేలాక 620 నుంచి 650 నానోమీటర్ల మధ్య చదవాలి.

ఎక్కడ చెడుతుందంటే, రంగు ద్రావణం వెలుగు తగిలితే తనంతట తానే ఊదారంగుకు తిరుగుతుంది. సీసాకు రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేత పసుపు పోతే పారేయండి. కల్చర్ బావుల్లో ఎర్రకణాలు అడుగున కూర్చుంటాయి. పిపెట్‌తో బాగా కలపకుండా పైన తేలిన మీడియం 20 మైక్రోలీటర్లు తీస్తే ప్లేటంతా పారసైట్లు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

4. గోదావరి_బయోకెం

ఫ్యాబ్-ఐకి మారాలనుకుంటున్నారు కాబట్టి ఆ కథ తెలియాలి. 2001లో బెంగళూరు శాస్త్రవేత్తలు నమితా సురోలియా, అవధేశ సురోలియా ట్రైక్లోసాన్ అనే క్రిమినాశిని ఫాల్సిపారంను చంపుతుందని, ఫ్యాబ్-ఐ ఎంజైమ్‌ను ఆపుతుందని చూపించారు. పారసైట్‌కు మన పద్ధతిలో కాకుండా బ్యాక్టీరియా పద్ధతిలో కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే దారి ఉందన్నది అప్పట్లో చాలా పెద్ద విషయం. లోకమంతా ఆ ఎంజైమ్ వెంట పడింది.

2008లో ఫ్యాబ్-ఐ జన్యువును పూర్తిగా తీసేసిన పారసైట్లు వచ్చాయి. రక్తంలో అవి మామూలుగా పెరిగాయి. పైగా ఆ జన్యువు లేని పారసైట్‌ను కూడా ట్రైక్లోసాన్ చంపింది. అంటే రక్తదశలో అది చంపేది ఇంకేదో దారిలో. కొవ్వు ఆమ్లాల తయారీ కాలేయ దశ చివర్లో అవసరం, రక్తదశలో పారసైట్ బయటి నుంచి తెచ్చుకుని సరిపెట్టుకుంటుంది. ఇంకా చాలా ప్రాజెక్టులు ఫ్యాబ్-ఐ మీద డాకింగ్ చేసి "జ్వరానికి మందు" అని ముగిస్తున్నాయి. అది చూస్తే బాధగా ఉంటుంది, పదిహేనేళ్ల కిందటే తేలిన విషయం ఇది.

హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుమున్న భాగం) తయారీ దారి కూడా అంతే. బెంగళూరు ఐఐఎస్సీలో జి. పద్మనాభన్ గారి బృందం దాని మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది. రక్తదశలో ఆ దారి లేకపోయినా పారసైట్ బతుకుతుందని, దోమలోనూ కాలేయంలోనూ మాత్రం అది తప్పనిసరి అని 2013లో వాళ్లే జన్యువులు తీసి చూపించారు. తాము పెంచిన టార్గెట్‌ను తామే అంత నిక్కచ్చిగా పరీక్షించడం నాకు ఎంతో గౌరవం కలిగించే పని.

5. ఓరుగల్లు_ఫార్మా

హిమోగ్లోబిన్‌ను జీర్ణం చేసే ప్రోటియేజుల్ని (ప్రోటీన్లను కోసే ఎంజైముల్ని) కూడా ఈ జాబితాలో కలపండి. ప్లాస్మెప్సిన్-2 మీద కంపెనీలు ఏళ్ల తరబడి పనిచేశాయి. తీరా చూస్తే జీర్ణకోశంలోని ప్లాస్మెప్సిన్లను తీసేసినా పారసైట్ బతికింది, ఒకటి పోతే ఇంకొకటి ఆ పని చేస్తుంది. ఫాల్సిపెయిన్-2 తీసేస్తే ట్రోఫోజాయిట్ దశలో (ఎర్రకణంలో పెరిగే దశలో) ఆహారకోశం ఉబ్బుతుంది, తర్వాత కోలుకుంటుంది. నేడు ఆశ ఉన్నవి ప్లాస్మెప్సిన్-9, 10. అవి పారసైట్ కణంలోకి దూరడానికి, బయటికి రావడానికి పనికొచ్చేవి, తిండితో వాటికి సంబంధం లేదు.

6. శ్రావణి_ఎమ్మెస్సీ

చాలా ధన్యవాదాలండీ. అయితే జీవక్రియ ఎంజైముల్లో జన్యుపరంగానూ మందుపరంగానూ రుజువైనది ఏది? డీహెచ్‌ఓడీహెచ్ అయితే దాని పరీక్ష ఎలా పెట్టాలి?

7. కైనెటిక్స్_మూర్తి

అవును, డీహెచ్‌ఓడీహెచ్. డైహైడ్రో ఓరోటేట్ డీహైడ్రోజినేజ్. కారణం సూటిగా ఉంది. డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకుల్లో పిరిమిడిన్లు, ప్యూరిన్లు అని రెండు రకాలు. మన కణాలు పిరిమిడిన్లను కొత్తగా తయారుచేసుకోగలవు, బయట దొరికినవీ ఏరుకోగలవు. పారసైట్‌కు ఏరుకునే దారి లేదు, తయారుచేసుకోవాల్సిందే. ప్యూరిన్ల విషయంలో సరిగ్గా తలకిందులు. వాటిని తయారుచేసుకోవడం పారసైట్‌కు చేతకాదు, ఎర్రకణం నుంచి ఏరుకోవాల్సిందే. కల్చర్ మీడియంలో హైపోజాంథిన్ వేసేది అందుకే.

ఎంజైమ్ తయారీలో చిక్కులు. ఫాల్సిపారం జన్యువుల్లో ఏ, టీ అక్షరాలు 80 శాతం దాకా ఉంటాయి. అసలు జన్యువునే ఈ. కోలైలో పెడితే అరుదైన కోడాన్ల దగ్గర ఆగి ముక్కలు ముక్కలుగా వస్తుంది. కోడాన్లు మార్చి సింథసైజ్ చేయించిన జన్యువు వాడండి. మొత్తం 569 అమైనో ఆమ్లాల్లో మైటోకాండ్రియా సంకేతం, పొరలో గుచ్చుకునే భాగం తీసేసి 158 నుంచి 569 వరకు మాత్రమే పెట్టాలి. ఇండక్షన్ తర్వాత ఉష్ణోగ్రత 18 డిగ్రీల దగ్గరికి దించండి, 37లో వదిలేస్తే గుజ్జుగా అడుగున పడుతుంది. బఫర్‌లో డిటర్జెంట్ తప్పనిసరి.

నికెల్ కాలమ్ మీద ఇమిడజోల్ పోసినప్పుడు కళ్లతోనే తెలుసుకోవచ్చు. మంచి ఎంజైమ్ నిమ్మపండు పసుపులో, ఒక పట్టీలా కాలమ్ వెంట కిందికి జారుతుంది. ఆ పసుపు ఎఫ్‌ఎంఎన్ అనే, ఎంజైమ్ పనికి అవసరమైన అణువుది. జెల్ మీద బ్యాండు లావుగా ఉండి ట్యూబులో ద్రావణం రంగు లేకుండా ఉంటే ప్రోటీన్ ఉంది, ఎఫ్‌ఎంఎన్ లేదు. దానితో రేట్లు కొలిచి ప్రయోజనం లేదు.

పరీక్ష: 100 మిల్లీమోలార్ హెపెస్ పీహెచ్ 8, 150 మిల్లీమోలార్ ఉప్పు, 10 శాతం గ్లిజరాల్, 0.1 శాతం ట్రైటాన్. అందులో డైహైడ్రో ఓరోటేట్ 200 మైక్రోమోలార్, కోఎంజైమ్ క్యూ-డీ 20 మైక్రోమోలార్, డీసీఐపీ (నీలం రంగు పదార్థం) 120 మైక్రోమోలార్. ఎంజైమ్ 5 నుంచి 10 నానోమోలార్. 25 డిగ్రీల దగ్గర, 600 నానోమీటర్ల వద్ద నీలం తగ్గడం చూడాలి.

లెక్క వేసుకోండి. డీసీఐపీ గుణకం మిల్లీమోలార్‌కు 18.8. కాబట్టి ఒక సెంటీమీటర్ క్యూవెట్‌లో మొదలే 2.26 చూపిస్తుంది. పాత స్పెక్ట్రోఫొటోమీటర్లు అంత పైన నేరుగా చదవవు, మొదటి నిమిషం గీత వంగినట్టు కనిపిస్తుంది, అది ఎంజైమ్ గుణమని పొరబడతారు. 96 బావుల ప్లేటులో 200 మైక్రోలీటర్లు పోస్తే దారి పొడవు సుమారు 0.55 నుంచి 0.6 సెంటీమీటర్లే, కాబట్టి 1.3 దగ్గర మొదలవుతుంది. ప్లేటే నయం.

ఫ్లేవనాయిడ్ల విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. క్వెర్సెటిన్ లాంటివి ఎంజైమ్ లేకుండానే డీసీఐపీని తెల్లబరుస్తాయి. ఎంజైమ్ వేయని బావి ప్రతి పదార్థానికీ, ప్రతి మోతాదుకూ ఉండాలి. అలాగే 10 నానోమోలార్ ఎంజైమ్ వేసి ఐసీ50 విలువ (పనిని సగానికి తగ్గించే మోతాదు) 2 నానోమోలార్ అని రాయకండి. ఎంజైమ్ మోతాదులో సగం కంటే తక్కువ విలువ ఆ పరీక్షలో రావడానికి ఆస్కారం లేదు.

మనిషి ఎంజైమ్‌కు కంట్రోలుగా బ్రెక్వినార్ వాడండి. అది మనిషి డీహెచ్‌ఓడీహెచ్‌ను నానోమోలార్లలో ఆపుతుంది, పారసైట్‌ది ఆపదు. పారసైట్ డీహెచ్‌ఓడీహెచ్ కోసం తయారైన డీఎస్ఎం265 అనే మందు అణువు దానికి తలకిందులు.

8. కల్చర్_రూమ్

మూర్తి గారు ఎంజైమ్ సంగతి చెప్పారు. "పారసైట్ ఆ ఎంజైమ్ ఆగినందువల్లే చచ్చిందా" అన్నది తేల్చే పరీక్ష కూడా డీహెచ్‌ఓడీహెచ్‌కు ఉంది. ఇంత చక్కటి పరీక్ష ఇంకే టార్గెట్‌కూ లేదని నా అభిప్రాయం.

2007లో ఫిలడెల్ఫియాలో అఖిల్ వైద్య బృందం ఈస్ట్‌లోని డీహెచ్‌ఓడీహెచ్ జన్యువును ఫాల్సిపారంలో పెట్టింది. ఈస్ట్ ఎంజైమ్‌కు మైటోకాండ్రియా యుబిక్వినోన్‌తో (ఎలక్ట్రాన్లను మోసే అణువుతో) పనిలేదు, అది ఎలక్ట్రాన్లను ఫ్యూమరేట్‌కు ఇస్తుంది. మైటోకాండ్రియా ఎలక్ట్రాన్ల గొలుసులోని బీసీ1ను ఆపే మలేరియా మందు అటోవాక్వోన్ ఆ పారసైట్లకు పనిచేయలేదు. రక్తదశలో మైటోకాండ్రియా ఎలక్ట్రాన్ల గొలుసు ముఖ్యంగా డీహెచ్‌ఓడీహెచ్‌కు యుబిక్వినోన్ తిరిగి ఇవ్వడానికే నడుస్తోందని దానితో తేలింది.

వాడకం ఇలా. మామూలు లైన్ (కల్చర్‌లో పెంచే పారసైట్ల వంశం) మీద, ఈస్ట్ జన్యువున్న లైన్ మీద ఒకే రోజు, ఒకే రక్తంతో మోతాదులు పెట్టండి. రెండింట్లోనూ ఒకే ఐసీ50 వస్తే మీ పదార్థం ఇంకెక్కడో పనిచేస్తోంది. ఈస్ట్ లైన్‌లో శక్తి బాగా పడిపోతే అది డీహెచ్‌ఓడీహెచ్‌నో, బీసీ1నో పట్టుకుంది. ఆ రెండింటిలో ఏదో తెలియాలంటే ఈస్ట్ లైన్‌కు 1 మైక్రోమోలార్ ప్రోగ్వానిల్ కలిపి మళ్లీ చేయండి. బీసీ1ను పట్టే మందులకు శక్తి తిరిగొస్తుంది, డీహెచ్‌ఓడీహెచ్‌ను పట్టేవాటికి రాదు.

జాగ్రత్త: ఆ లైన్‌ను ఎంచుకోవడానికి మనిషి డీహెచ్‌ఎఫ్‌ఆర్ (ఫోలేట్ దారిలోని ఎంజైమ్, పిరిమెథమిన్ పారసైట్‌లో ఆపేది దీన్నే) జన్యువును మార్కర్‌గా పెట్టారు. కాబట్టి పిరిమెథమిన్ రకం మందులు కూడా అందులో పనిచేయవు. యాంటీఫోలేట్ ఒకటి మీ చేతికి వస్తే ఈ పరీక్షలో అచ్చం డీహెచ్‌ఓడీహెచ్ ఇన్హిబిటర్‌లా కనిపిస్తుంది. మనిషి డీహెచ్‌ఎఫ్‌ఆర్ ఒక్కటే ఉన్న లైన్‌ను పక్కన పెట్టండి.

ఈ మందులు నెమ్మదిగా చంపుతాయి. 48 గంటల ప్లేటులో బలహీనంగా కనిపిస్తే కంగారు పడకండి, 72 గంటలు ఉంచండి. సైబర్ గ్రీన్ కొలతలు: రింగు దశ, 0.5 శాతం పారసైటీమియా (పారసైట్ ఉన్న ఎర్రకణాల వంతు), 2 శాతం హెమటోక్రిట్ (కల్చర్‌లో ఎర్రకణాల వంతు), డీఎంఎస్ఓ 0.5 శాతం లోపు. చివర్లో ట్రిస్ 20 మిల్లీమోలార్ పీహెచ్ 7.5, ఈడీటీఏ 5 మిల్లీమోలార్, సాపోనిన్ 0.008 శాతం, ట్రైటాన్ 0.08 శాతం ఉన్న బఫర్, మిల్లీలీటర్‌కు 0.2 మైక్రోలీటర్ సైబర్ గ్రీన్‌తో. గంట చీకట్లో ఉంచి 485లో వెలిగించి 530లో చదవాలి. తెల్ల రక్తకణాలు సరిగ్గా తీయని రక్తం వాడితే వాటి డీఎన్‌ఏ కూడా వెలుగుతుంది, ఎంత మందు వేసినా గీత కిందికి దిగదు. అంచు బావులు ఆరిపోతాయి, వాటిలో నీళ్లే పోయండి.

9. భీమవరం_కెమిస్ట్రీ

యాంటీఫోలేట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మామూలు ఆర్‌పీఎంఐ 1640లో ఫోలిక్ ఆమ్లం లీటరుకు 1 మిల్లీగ్రాము, పాబా (పారసైట్ ఫోలేట్ తయారీకి వాడే పదార్థం) 1 మిల్లీగ్రాము ఉంటాయి. అందులో సల్ఫాడాక్సిన్ పరీక్షిస్తే మందుకు పోటీగా పాబా కుప్పలుగా ఉన్నట్టే, లొంగే పారసైట్ కూడా లొంగనట్టు కనిపిస్తుంది. ఈ రెండూ బాగా తగ్గించిన మీడియంలో ముందు కొన్నాళ్లు అలవాటు చేసి తర్వాత పరీక్షించాలి.

మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే అమెరికాలోని లెడర్లే కంపెనీలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, మెథోట్రెక్సేట్ కూడా ఆ పనిలోంచే వచ్చింది. జీవక్రియ ఎంజైమ్‌ను మందుతో కట్టేయవచ్చని చూపిన తొలి ఉదాహరణల్లో అదొకటి. ఈ దారంలో ఆయన పేరు లేకపోతే నాకు వెలితిగా ఉండేది.

10. ఓరుగల్లు_ఫార్మా

రుజువైన టార్గెట్ దొరికినా పని అయిపోదు. లొంగకపోవడం ఎంత తేలిగ్గా వస్తుందన్నది కూడా మొదటి రోజు నుంచే చూసుకోవాలి.

డీఎస్ఎం265నే తీసుకోండి. పెరూలో రోగులకు ఒకే మోతాదు ఇచ్చిన పరీక్షలో జ్వరం తిరగబెట్టిన కొందరి పారసైట్లలో డీహెచ్‌ఓడీహెచ్ 276వ సిస్టీన్ మారిపోయి ఉంది. ల్యాబ్ కల్చర్‌లో అంతకుముందే కనిపించిన మార్పే అది. ఒంటరిగా ఇస్తే ఏమవుతుందో కల్చర్ ముందే చెప్పింది. అటోవాక్వోన్‌కు సైటోక్రోమ్-బీలో 268వ టైరోసిన్ ఒక్కటి మారితే చాలు. పిరిమెథమిన్‌కు 108వ సెరీన్ ఆస్పరజిన్‌గా మారడంతో మొదలై, 51, 59, 164 వరుసగా చేరాయి.

ఆ 108వ స్థానంలో ఏం జరుగుతుందో చూడండి. పిరిమెథమిన్ చివర క్లోరిన్ ఉన్న బిరుసు రింగు ఉంటుంది. సెరీన్ పొట్టిది, దాని పక్కన రింగుకు చోటు ఉంటుంది. ఆస్పరజిన్ పొడుగు, రింగుకు అడ్డం తగులుతుంది. థాయిలాండ్ శాస్త్రవేత్తలు దీన్ని చూసి అటు వంగగలిగే గొలుసు పెట్టి పీ218 తయారుచేశారు. అది మనుషుల్లో తొలి దశ పరీక్షల దాకా వెళ్లింది. టార్గెట్ పాతదైనా అణువును కొత్తగా ఆలోచించవచ్చు. మన దేశంలో ఫాల్సిపారం చికిత్సలో ఆర్టిసునేట్‌తో కలిపి ఇచ్చింది ఈ సల్ఫాడాక్సిన్-పిరిమెథమిన్ జోడీనే, ఈశాన్య రాష్ట్రాల్లో అది పనిచేయడం తగ్గిపోయి 2013లో ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్‌కు మార్చారు.

11. గోదావరి_బయోకెం

అపికోప్లాస్ట్ (పారసైట్ కణంలోని ఒక చిన్న అంగం) టార్గెట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కూడా ఇలాంటి పరీక్షే ఒకటుంది. 2011లో తేలిందేమిటంటే రక్తదశలో పారసైట్‌కు అపికోప్లాస్ట్ నుంచి కావలసింది ముఖ్యంగా ఐపీపీ (ఐసోప్రెనాయిడ్ల తయారీకి ముడిసరుకు) ఒక్కటే. మీడియంలో 200 మైక్రోమోలార్ ఐపీపీ వేస్తే అపికోప్లాస్ట్ పూర్తిగా పోయినా బతుకుతుంది. ఫాస్మిడోమైసిన్ ఐపీపీని తయారుచేసే దారిలోని డీఎక్స్‌ఆర్ ఎంజైమ్‌ను ఆపుతుంది, ఐపీపీ వేస్తే పారసైట్ తేరుకుంటుంది. మీ పదార్థం వేసిన బావికి ఐపీపీ కలిపినా పారసైట్ చస్తే అది అపికోప్లాస్ట్ మందు కాదు. డాక్సీసైక్లిన్ రకం వాటికి మొదటి చక్రంలో ఏమీ కనిపించదు, రెండో చక్రం దాకా, అంటే 96 గంటలు ఆగాలి.

12. శ్రావణి_ఎమ్మెస్సీ

నాకు దారి కనిపించింది. డీహెచ్‌ఓడీహెచ్‌కు మారుతున్నాను. 4ఆర్‌ఎక్స్0 స్ట్రక్చర్‌లోంచి డీఎస్ఎం265ను తీసి తిరిగి డాక్ చేసి చూస్తాను, తర్వాత మనిషి ఎంజైమ్ మీద. ఎంజైమ్ పరీక్ష మా డిపార్ట్‌మెంట్‌లోనే, పారసైట్ పరీక్ష కల్చర్ ఉన్న ల్యాబ్‌తో కలిసి. ఒక చిన్న ప్రశ్న. మా స్టోర్‌లో డీఎల్-డైహైడ్రో ఓరోటిక్ ఆమ్లం (డీ, ఎల్ రూపాల మిశ్రమం) ఉంది, ఎల్ రకం లేదు. పనికొస్తుందా? నీళ్లలో కరగడం లేదు.

13. కైనెటిక్స్_మూర్తి

అందులో సగమే ఎంజైమ్‌కు పనికొచ్చేది. 200 మైక్రోమోలార్ కావాలంటే 400 వేయాలి. తొలి ప్రయత్నాలకు ఫరవాలేదు, రిపోర్టులో పెట్టే కేఎం విలువలకు (ఎంజైమ్ సగం వేగం అందుకునే సబ్‌స్ట్రేట్ మోతాదుకు) మాత్రం ఎల్ రకమే తెప్పించండి. ఆమ్ల రూపం నీళ్లలో సరిగ్గా కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేసి, పీహెచ్ 7 దాటగానే ఆపండి. కరగలేదని గబుక్కున ఎక్కువ పోస్తే క్షారంలో రింగు విడిపోయి కార్బమాయిల్ ఆస్పార్టేట్ అవుతుంది. ద్రావణం తేటగానే ఉంటుంది, ఎంజైమ్ మాత్రం కదలదు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి.

14. కల్చర్_రూమ్

ప్లేటు పెట్టే రోజు రాయండి. పాజిటివ్ కంట్రోలుగా క్లోరోక్విన్, అటోవాక్వోన్ రెండూ పెట్టమని వాళ్లకు చెప్పండి. క్లోరోక్విన్‌కు లొంగే 3డీ7 లైన్‌లో క్లోరోక్విన్ ఐసీ50 పది, ఇరవై నానోమోలార్ల దగ్గర రాకపోతే ఆ ప్లేటులో మీ పదార్థం అంకెలు చూడకుండానే మళ్లీ పెట్టించండి.